ఏది దగ్గర, ఏది దూరం

పాత ల్యాప్‌టాప్ ఆన్ చేసి, తెర మీద గుండ్రంగా తిరిగే చుక్కలు చూస్తూ కూర్చున్నవాళ్లలో చాలామంది తప్పు ప్రాసెసర్ మీదికి నెడతారు. "ముసలిదైపోయింది, ఇక లాగలేదు" అని తేల్చేస్తారు. నిజానికి ఆ నిమిషాల్లో ప్రాసెసర్ చేసే పని చాలా తక్కువ. మనతో పాటే అదీ ఎదురు చూస్తూ ఉంటుంది. అడిగిన ముక్క డిస్కు నుంచి రావాలి. వచ్చాక గానీ తర్వాత ఏం కావాలో తెలియదు. దాని కోసం మళ్లీ అడగాలి, మళ్లీ ఆగాలి. పది పన్నెండేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లో చాలాసార్లు పాడైపోయిన భాగమంటూ ఏదీ ఉండదు. ఉన్నదల్లా ఈ ఎదురుచూపే.

అది ఎంతో లెక్క కట్టవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఉండే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 90 అన్నమాట. ఒక్కో చుట్టుకు 11 మిల్లీ సెకన్లు. మనకు కావలసిన చోటు డిస్కును చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. దానికంటే ముందు హెడ్ సరైన వరుస మీదికి జరగాలి, అందుకు ఇంకో పది పన్నెండు మిల్లీ సెకన్లు. అంతా కలిపితే ఒక ముక్క వెతికి తేవడానికి 16, 17 మిల్లీ సెకన్లు. సెకనుకు అరవై ముక్కలు. కళ్లు మూసి తెరిచేలోపు జరిగే పనే కదా అనిపిస్తుంది. కానీ విండోస్ లేచి కూర్చోవాలంటే ఇలాంటి చిన్న చిన్న ముక్కలు వేలకొద్దీ కావాలి, అవి డిస్కు మీద ఒకచోట ఉండవు. చెల్లాచెదురుగా ఉన్న ముక్కలు పది వేలు కావాలనుకుంటే 170 సెకన్లు, అంటే మూడు నిమిషాలకు కాస్త తక్కువ. అవే పది వేల ముక్కలు, తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీని అడిగితే, ఒక్కోదానికి మిల్లీ సెకనులో పదో వంతు చొప్పున, ఒక్క సెకనులో అన్నీ చేతిలో ఉంటాయి.

అలాగని హార్డ్ డిస్క్‌ను చులకన చేస్తే నాకు నచ్చదు. దాన్ని ఒకసారి విప్పి చూసినవాళ్లెవరూ ఆ పని చేయలేరు కూడా. చెడిపోయిన డిస్కు ఒకటి తీసుకుని, పైమూతకున్న నక్షత్రాకారపు స్క్రూలు విప్పి చూడండి. మొహం చూసుకునేంత నునుపైన పళ్లెం, దాని మీదికి వంగిన సన్నని చెయ్యి కనిపిస్తాయి. నడుస్తున్నప్పుడు ఆ పళ్లెం అంచు గంటకు అరవై ఐదు కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటుంది. ఆ వేగంలో హెడ్ పళ్లేన్ని తాకకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి మీద తేలుతూ, అయస్కాంతపు గుర్తుల్ని చదువుతుంది. మన వెంట్రుక మందం సాధారణంగా యాభై వేల నానోమీటర్ల పైమాటే. 1956లో ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాల నుంచి బయటికొచ్చిన మొదటి హార్డ్ డిస్క్‌లో రెండడుగుల పళ్లేలు యాభై ఉండేవి. బరువు టన్ను పైన. ఇంత చేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు, ఇప్పుడు ఫోన్‌తో తీసే ఒక ఫొటో పాటి. అక్కడి నుంచి అరచేతిలో పట్టే డబ్బాలో 500 జీబీ దాకా రావడం వెనక యాభై ఏళ్ల మానవ శ్రమ ఉంది. ల్యాప్‌టాప్‌లో నుంచి తీసి చెత్తబుట్టలో వేసే ముందు అది గుర్తుకు రావాలి.

ఎస్‌ఎస్‌డీ కథ వేరు. తొషిబాలో పని చేసిన ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీ ఆలోచనను 1984లో ఇంజనీర్ల ముందు పెట్టాడు. 1987లో ఇవాళ మన ఫోన్లలో, పెన్‌డ్రైవ్‌లలో, ఎస్‌ఎస్‌డీలలో ఉన్న నాండ్ రకం వచ్చింది. ఇందులో తిరిగేది లేదు, జరిగేది లేదు. చిన్న చిన్న గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచడమే పని. కరెంటు పోయినా అవి అక్కడే ఉంటాయి. ఏ గదిని అడిగినా దూరం ఒకటే. అందుకే ఆ వేగం. దానికీ ఒక ఇబ్బంది ఉంది. రాసేటప్పుడు కొన్ని కిలోబైట్ల చొప్పున రాయగలదు గానీ, చెరిపేటప్పుడు పెద్ద గుంపు మొత్తాన్ని ఒకేసారి చెరపాలి. అలా చెరిపి రాసే కొద్దీ గదులు అరుగుతాయి. అందుకే దాన్ని అంచు దాకా నింపకూడదు. కొంత ఖాళీ ఉంటేనే లోపలి కంట్రోలర్ సర్దుకుంటూ, అరుగుదలను అన్ని గదులకూ సమానంగా పంచగలదు.

ఒకటి వేగం, చిన్నది, ఖరీదు. ఇంకొకటి నిదానం, పెద్దది, చవక. రెండింటినీ ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టి, మొదటిదాని వేగం, రెండోదాని విశాలత కలిసి వచ్చేలా చేయొచ్చా? ఈ ప్రశ్న మన ల్యాప్‌టాప్‌లతో పుట్టింది కాదు. 1946లోనే, కంప్యూటర్ అనేది ఎలా ఉండాలో కాగితం మీద గీస్తున్నప్పుడే, జాన్ వాన్ నాయ్‌మన్, ఆర్థర్ బర్క్స్, హెర్మన్ గోల్డ్‌స్టైన్ ఈ మాట రాసి పెట్టారు: కోరినంత పెద్దదీ, కోరినంత వేగమైనదీ అయిన మెమరీ ఒకటే దొరకదు కాబట్టి మెట్లు మెట్లుగా కట్టుకోక తప్పదని, కిందికి దిగే కొద్దీ చోటు పెరుగుతుంది, వేగం తగ్గుతుందని. ఇన్నేళ్లలో విడిభాగాలన్నీ మారాయి. ఆ మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మన ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ లోపలి క్యాష్, దాని కింద ర్యామ్, దాని కింద ఎస్‌ఎస్‌డీ, అన్నిటికన్నా కింద హార్డ్ డిస్క్.

మెట్లు కట్టడం తేలికే. ఏ మెట్టు మీద ఏది పెట్టాలన్నదే కష్టం.

కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ 1965లో రెండు పేజీల చిన్న వ్యాసం రాశాడు. పెద్ద మెమరీ ముందు ఒక చిన్న, వేగమైన మెమరీ పెట్టి, అడిగినదల్లా అందులో ఒక నకలు ఉంచుకుంటూ పోతే, మళ్లీ అడిగినప్పుడు పెద్దదాని దగ్గరికి వెళ్లే పని ఉండదని అందులో చెప్పాడు. ఇవాళ క్యాష్ అంటున్నది దీన్నే. ప్రోగ్రాములు ఒకసారి తాకినదాన్నే మళ్లీ మళ్లీ తాకుతాయి కాబట్టి ఇది పని చేస్తుంది. చిన్నది నిండిపోయినప్పుడు మాత్రం చిక్కు మొదలవుతుంది. కొత్తది రావాలంటే పాతది ఏదో పోవాలి. ఏది పోవాలి?

దీనికి సరైన జవాబు 1966లో ఐబీఎంలో పని చేస్తున్న హంగరీ శాస్త్రవేత్త లాస్లో బెలాడీ చెప్పాడు. మళ్లీ అవసరపడటానికి అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టేదేదో దాన్ని తీసేయండి, అంతకు మించిన పద్ధతి లేదు అన్నాడు. లెక్క ప్రకారం అది నిలబడింది. అయితే దాన్ని అమలు చేయాలంటే భవిష్యత్తు తెలియాలి, యంత్రానికి అది తెలియదు. అప్పటి నుంచి ఇంజనీర్లు చేస్తున్నదంతా గతాన్ని చూసి భవిష్యత్తును ఊహించడమే. అందులో సులువైనది, చాలా కాలంగా ఎవరూ తాకనిదాన్ని తీసేయడం. మామూలుగా బాగానే పని చేస్తుంది. కానీ ఒక సినిమా మొత్తం ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ ఎన్నడూ ముట్టని ఆ పెద్ద ఫైల్ చిన్న మెమరీ అంతా ఆక్రమించి, రోజూ వాడే వాటన్నిటినీ బయటికి తోసేస్తుంది.

2003లో ఐబీఎం అల్మాడెన్ కేంద్రంలో నిమ్రోద్ మెగిద్దో, ధర్మేంద్ర మోదా దీనికి ఒక పరిష్కారం ప్రకటించారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన ఆలోచన అదే. ఒక్కసారి మాత్రమే అడిగినవి ఒక జాబితాలో, రెండోసారీ అడిగినవి మరో జాబితాలో ఉంచుతారు. చోటు చాలక బయటికి పంపినవాటి పేర్లు కూడా కొంతకాలం రాసి పెట్టుకుంటారు, సరుకు ఉండదు, పేరు మాత్రమే ఉంటుంది. పంపేసినదాన్ని ఎవరైనా మళ్లీ అడిగారనుకోండి, అది ఏ జాబితా నుంచి పోయిందో చూసి, ఆ జాబితాకు ఇకపై కాస్త ఎక్కువ చోటు ఇస్తారు. వెళ్లగొట్టినవాటి పేర్లు గుర్తుంచుకుని, వాటి నుంచి పాఠం నేర్చుకునే యంత్రం! సంస్థలు, ప్రభుత్వాలు కూడా ఈ పాటి పని చేస్తే బాగుండునని నిజంగా అనిపిస్తుంది.

ఇంత సిద్ధాంతం సిద్ధంగా ఉండబట్టే, ఫ్లాష్ కాస్త అందుబాటులోకి రాగానే కంపెనీలు రంగంలోకి దిగాయి. 2010లో సీగేట్ 500 జీబీ హార్డ్ డిస్క్ లోపలే 4 జీబీ ఫ్లాష్ పెట్టి మొమెంటస్ ఎక్స్‌టీ తెచ్చింది. 2011లో ఇంటెల్ స్మార్ట్ రెస్పాన్స్ పేరుతో, 64 జీబీ దాకా ఎస్‌ఎస్‌డీని హార్డ్ డిస్క్‌కు క్యాష్‌గా వాడే ఏర్పాటు చేసింది. 2012 నాటి సన్నని అల్ట్రాబుక్‌లలో 500 జీబీ డిస్కు పక్కన 24, 32 జీబీల బుల్లి ఎస్‌ఎస్‌డీలు అలా వచ్చినవే. అదే ఏడు యాపిల్ తన డెస్క్‌టాప్‌లలో 128 జీబీ ఫ్లాష్‌నూ, టెరాబైటు డిస్కునూ ఒకే డ్రైవ్‌గా చూపించే ఫ్యూజన్ డ్రైవ్ పెట్టింది. 2015కు వచ్చేసరికి చిన్న మోడల్‌లో ఆ 128ని 24 జీబీకి కుదించింది. 2013లో లినక్స్ కెర్నెల్‌లోకి డీఎం-క్యాష్, కెంట్ ఓవర్‌స్ట్రీట్ రాసిన బీక్యాష్ చేరాయి. బీక్యాష్‌లో ఒక చక్కని జాగ్రత్త ఉంది. వరుసగా 4 ఎంబీ దాటి చదువుతూ పోతున్నారంటే అది సినిమానో, కాపీయో అయి ఉంటుందని గ్రహించి, దాన్ని ఎస్‌ఎస్‌డీలోకి రానివ్వదు, నేరుగా డిస్కు నుంచే పంపిస్తుంది. 2017లో ఇంటెల్ ఆప్టేన్ అని 16, 32 జీబీలతో ఇంకోసారి ప్రయత్నించి, 2022లో ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది.

ఇవన్నీ తెలివైన పనులే. సర్వర్లలో, వేలమంది ఒకేసారి అడిగే చోట, ఇలా చేయడమే సరైనది కూడా. అక్కడ ఎవరు ఏం అడుగుతారో ఏ మనిషికీ తెలియదు. కానీ ఒక్క మనిషి వాడే ల్యాప్‌టాప్ విషయంలో నా అభిప్రాయం వేరు. అక్కడ రెండు డిస్కుల్నీ రెండుగానే ఉంచి, ఏది ఎక్కడుండాలో ఆ మనిషే నిర్ణయించుకోవడం మేలు. బెలాడీ అడిగిన భవిష్యత్తు యంత్రానికి తెలియదు గానీ మనకు కొంత తెలుసు. వచ్చే వారం పరీక్షలని, ఈ ప్రాజెక్టు నెలాఖరుకు అయిపోతుందని, పెళ్లి వీడియో మళ్లీ ఏ పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో తప్ప తెరవమని మనకు తెలిసినంతగా ఏ ప్రోగ్రామ్‌కూ తెలియదు.

మా అక్క కొడుకు ఘట్‌కేసర్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి దగ్గరున్నది, కంపెనీలు వాడి వదిలేస్తే శుభ్రం చేసి అమ్మిన ల్యాప్‌టాప్. 500 జీబీ హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్ ఉన్న పాత రకం. ప్రాసెసర్ ఇప్పటికీ గట్టిదే. "మామయ్యా, కొత్తది కొనమని అమ్మకు నువ్వైనా చెప్పవా" అన్నాడు. ముందు సీటీసీకి పోదాం పద అన్నాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ అనే పేరు అది. ఆ మెట్ల మీద, వరండాల్లో, పెట్టెలంత కొట్లలో కూర్చుని బోర్డుల మీద సోల్డరింగ్ చేసే కుర్రాళ్ల చేతి పనితనం చూడటానికైనా ఒకసారి వెళ్లాలి. మేం వెళ్లిన కొట్లో అతను ల్యాప్‌టాప్ తిప్పి చూసి, "ఎస్‌ఎస్‌డీ ఒక్కటి ఏస్కోర్రి సార్. పాత డిస్క్ ఇంకెందుకు, బరువు తప్ప?" అన్నాడు. డీవీడీ డ్రైవ్ తీసి, దాని చోట రెండో డిస్కును పట్టి ఉంచే క్యాడీ అనే చట్రం వేద్దామన్నాను. సరేనని పనిలోకి దిగాడు.

ఆ పని దగ్గరి నుంచి చూడదగ్గది. ముందు బ్యాటరీ తీశాడు. ల్యాప్‌టాప్ అడుగున ఒక్క స్క్రూ తీసి పక్కకు లాగితే డీవీడీ డ్రైవ్ మొత్తం సొరుగులా బయటికి వచ్చేసింది. మందం కొలిచి చూశాడు. క్యాడీలు 9.5 మిల్లీమీటర్లది ఒకటి, 12.7ది ఒకటి ఉంటాయి, తేడా వస్తే దూరదు. డీవీడీ డ్రైవ్ ముందున్న ప్లాస్టిక్ పట్టీని గోటితో మెల్లగా ఊడదీసి క్యాడీకి బిగించాడు, పక్క నుంచి చూస్తే ఏమీ మారనట్టే ఉంది. వెనకనున్న చిన్న ఇనుప బద్దను కూడా దానికే మార్చాడు. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ఏది డిస్కు గదిలో, ఏది క్యాడీలో? పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి డీవీడీ వైపు డేటా వెళ్లే దారి (సాటా) నెమ్మదిది. ఎస్‌ఎస్‌డీని అక్కడ పెడితే దాని వేగంలో సగం దారిలోనే పోతుంది. హార్డ్ డిస్క్‌కు దాని వల్ల వచ్చే నష్టమేమీ లేదు, అది ఎలాగూ సెకనుకు నూరు ఎంబీల దగ్గరే ఆగుతుంది. అయితే అసలు గదిలో డిస్కుకు అదురు తగలకుండా రబ్బరు దన్ను ఉంటుంది, క్యాడీలో ఉండదు. ఈ రెండింటినీ తూచి, ఎస్‌ఎస్‌డీని అసలు గదిలో, పాత డిస్కును క్యాడీలో పెట్టించాను. నడుస్తుండగా ల్యాప్‌టాప్‌ను ఎత్తి మంచం మీదికి విసరొద్దని వాడికి గట్టిగా చెప్పాను.

120 జీబీ ఎస్‌ఎస్‌డీలో సిస్టమ్ కొత్తగా ఎక్కింది. ఆన్ చేస్తే, వాడు కుర్చీ దగ్గరికి లాక్కునేలోపు డెస్క్‌టాప్ వచ్చేసింది. వాడి మొహంలో వెలుగు సంగతి అలా ఉంచి, నన్ను ఆకట్టుకున్నది నిశ్శబ్దం. పని లేనప్పుడు హార్డ్ డిస్క్ ఆగిపోయేలా పవర్ సెట్టింగుల్లో పెట్టాం. సిస్టమ్‌కు కావలసినవన్నీ ఎస్‌ఎస్‌డీలోనే ఉన్నాయి కాబట్టి డిస్కు చాలాసేపు నిద్రలోనే ఉంటుంది. వేడి తగ్గింది, బ్యాటరీ మీద భారమూ తగ్గింది. నిద్రలో ఉన్న డిస్కును లేపినప్పుడు కొన్ని సెకన్లు ఆగాల్సి వస్తుంది. ఆ పాటి ఓపిక పట్టడం వాడికేమీ బరువు కాలేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చూశాం. ప్రోగ్రాములు, బ్రౌజర్, జావా, ఆండ్రాయిడ్ స్టూడియో, ఈ సెమిస్టర్ ప్రాజెక్టు ఎస్‌ఎస్‌డీలో. డౌన్‌లోడ్ చేసుకున్న ఎన్‌పీటెల్ పాఠాలు, సినిమాలు, ఫొటోలు డిస్కులో. పాఠం వీడియో నడవడానికి సెకనుకు ఒక ఎంబీ కూడా అక్కర్లేదు, ఎంత పాత డిస్కయినా దానికి సరిపోయి మిగులుతుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ దగ్గర మూవ్ నొక్కి, పాత డిస్కు అయిన డీ డ్రైవ్‌లో చోటు చూపించి ఓకే నొక్కాడు, ఫోల్డర్ అక్కడికి వెళ్లిపోయింది. అంతా సాఫీగా సాగుతుండగా ఒక ఫోల్డర్ దగ్గర ఆగాడు. మా నాన్న, అంటే వాళ్ల తాతయ్య, పోయే ముందు ఏడాది ఊరి సంగతులు చెబుతుంటే వాడు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నవి.

"ఇవి ఎస్‌ఎస్‌డీలోనే ఉంచుదాం మామయ్యా. అన్నిటికన్నా ముఖ్యమైనవి కదా" అన్నాడు.

వాడి మాట నాకు లోపల తగిలింది. అయినా కాదన్నాను. ముఖ్యమైనది దగ్గరుండాలనుకోవడం సహజం. మనం మనుషుల విషయంలో అలాగే కోరుకుంటాం. కానీ వస్తువుల దగ్గర మన ఇళ్లు ఎప్పుడూ ఆ లెక్కన నడవలేదు. గోడ క్యాలెండర్ తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది, పొలం పట్టాలు బీరువా అడుగున పాత చీర మడతల్లో ఉంటాయి. రోజూ పదిసార్లు తిథి, వారం చూడాలి కాబట్టి క్యాలెండర్ కంటి ముందుంటుంది. దాని విలువ ఆ ఏడాదితో సరి. పట్టాలు తరాల ఆస్తి, పదేళ్లకొకసారి బయటికి వస్తాయి. ఆ రోజు వాటిని తీయడానికి పది నిమిషాలు పడితే ఎవరూ విసుక్కోరు.

చిన్న ఎస్‌ఎస్‌డీ నిండా ఉండేది ఆ క్యాలెండర్ లాంటి సరుకే. ఎప్పటికప్పుడు మారిపోయే సిస్టమ్ ఫైళ్లు, బ్రౌజర్ దాచుకున్న తునకలు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోగల ప్రోగ్రాములు. రేపు అది మొత్తం పోయినా ఒక పూటలో తిరిగి పెట్టుకోవచ్చు. మనిషి పోగేసుకున్న జీవితమంతా నిదానమైన డిస్కులో ఉంటుంది, దానికి వేగం అక్కర్లేదు. తాతయ్య గొంతు పది మిల్లీ సెకన్లు ముందుగా వినిపించినందువల్ల వచ్చే లాభం లేదు. ఎప్పటికీ వినిపిస్తూ ఉండటమే కావాలి. యంత్రం ఎన్నిసార్లు తాకామో లెక్కపెడుతుంది, ఎంత ప్రేమగా తాకామో దానికి పట్టదు. ఆ రెండో లెక్క మనం వేసుకోవలసిందే. అందుకే పంపకం మన చేతుల్లో ఉండాలని నేను పట్టుబట్టేది.

ఇక్కడ భద్రత గురించి కాస్త నిలబడి చెప్పాలి. రెండు డిస్కులున్నాయి కదా, ఒకటి పోతే ఇంకొకటి ఉందన్న భ్రమ చాలామందికి ఉంటుంది. రెండు డ్రైవ్‌లను కలిపి ఒకటిగా చూపించే పద్ధతిలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. ఫ్యూజన్ డ్రైవ్ లాంటి వాటిలో రెండింట్లో ఏది చెడినా మొత్తం పోయినట్టే. క్యాష్‌లోనూ రెండు రకాలున్నాయి. రాసిన ప్రతిదాన్నీ వెంటనే హార్డ్ డిస్క్‌కు కూడా చేర్చే రకమైతే ఎస్‌ఎస్‌డీ చచ్చినా ఏమీ పోదు. ముందు ఎస్‌ఎస్‌డీలో రాసుకుని, తీరిగ్గా డిస్కుకు పంపే రకం ఇంకా వేగంగా ఉంటుంది, కానీ పంపేలోపు ఎస్‌ఎస్‌డీ పోతే డిస్కులో మిగిలేది సగం సగం నిజం. పైగా హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టిక్కుటిక్కుమని చప్పుడు చేసో, ఫైళ్లు తెరవడంలో మొరాయించో సూచన ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ సూచనా లేకుండా ఒక ఉదయం కనిపించడం మానేస్తుంది. దాచిపెట్టడానికి కూడా అది తగినది కాదు. మెమరీ పరిశ్రమ పాటించే జెడెక్ ప్రమాణం ప్రకారం, రాతల పరిమితి మొత్తం వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక్క ఏడాది డేటా నిలుపుకోగలిగితే చాలు. మన ఎండాకాలంలో అటక మీద 30 డిగ్రీలు ఎక్కడ ఆగుతుంది?

తాతయ్య రికార్డింగులు డిస్కులో పెట్టాక, ఆ పక్కనే నా దగ్గరున్న ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒక కాపీ తీసుకున్నాను. ఇంకొకటి మా అక్క దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది. పరీక్షలైపోయాక వాడు ఫోన్ చేశాడు. ఆ సెమిస్టర్ ప్రాజెక్టు ఫోల్డర్‌ను తనే డీ డ్రైవ్‌లోకి పంపేశాడట, కొత్తదానికి చోటు చేశాడట. ఎవరూ చెప్పలేదు. బెలాడీ పేరు వాడికి తెలుసో లేదో అడగలేదు, వాడు చేసిన పని మాత్రం ఆయన చెప్పిందే.

ఇప్పుడొచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో హార్డ్ డిస్క్‌కు గదే ఉండటం లేదు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఫ్లాష్ ఆ స్థాయికి చవకయింది. హార్డ్ డిస్క్ మాత్రం ఎక్కడికీ పోలేదు. డేటా సెంటర్లలో 30 టెరాబైట్ల డిస్కులు వరుసలు వరుసలుగా తిరుగుతూనే ఉన్నాయి. మనం క్లౌడ్ అని పిలిచే చోట పేరుకున్న సరుకులో చాలా భాగం మోసేది అవే. 1946లో చెప్పిన మెట్లు మన ఒళ్లో నుంచి ఆ భవనాల్లోకి వెళ్లాయి, అంతే. అక్కడ ఏ ఫొటో పై మెట్టు మీద ఉండాలో నిర్ణయించేది మనం కాదు. సొంత ల్యాప్‌టాప్‌లో ఆ నిర్ణయం ఇంకా మన దగ్గరే ఉందన్నది నాకు చిన్న విషయంగా కనిపించదు.

మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి మూల పడి ఉంటే, పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు దాన్ని ఒకసారి తిప్పి చూడండి. డీవీడీ డ్రైవ్ ఉంటే రెండో డిస్కుకు చోటు ఉన్నట్టే. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 11 చాలా పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. అలాంటి దాంట్లో లినక్స్ మింట్ వేసుకుంటే చదువుకునే పిల్లలకు ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తుంది. చిన్న ఎస్‌ఎస్‌డీ, ఒక క్యాడీ, దగ్గర్లో ఒక మంచి మెకానిక్ ఉంటే చాలు. అయితే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, పాత డిస్కులో ఉన్నదంతా మరో చోటికి ఒక కాపీ తీయండి. అది పూర్తయిందని కళ్లారా చూసుకున్నాకే మొదటి స్క్రూ విప్పండి.